ఆర్‌సీతో పాటు బ్యాటరీ రిపోర్టు కూడా చేతులు మారాలి

ఎడిటర్ గారికి నమస్కారం.

నేను గుంటూరులో ఉంటాను, విజయవాడలో ఒక కాలేజీలో పాఠాలు చెబుతాను. పోను రాను రోజుకి 70 కిలోమీటర్లు. నా పాత పెట్రోలు కారు రోజుకి ఐదు లీటర్లు తాగేది, నెల తిరిగేసరికి పదమూడు వేలు పైనే బంకులో పోసేవాణ్ణి. అందుకని 2025 వేసవిలో సెకండ్ హ్యాండ్ ఎలక్ట్రిక్ కారు కొందామని బయల్దేరాను. రెండు నెలలు తిరిగాను, నాలుగు బండ్లు చూశాను, మూడు వదిలేసి ఒకటి కొన్నాను. ఆ రెండు నెలల్లో నాకు తెలిసొచ్చిన సంగతులు నాలాంటి వాళ్లకి పనికొస్తాయని, అలాగే మన రవాణా శాఖ వాళ్లు చేయాల్సిన పని ఒకటుందని ఈ ఉత్తరం రాస్తున్నాను.

అందరూ మొదట అడిగేది ఒకటే, "ఏడు లక్షల్లో ఏ ఈవీ వస్తుంది?" అని. నేనూ అలాగే మొదలుపెట్టాను. కానీ డబ్బు లెక్క రెండోది, ముందు తేల్చుకోవాల్సింది రోజుకి ఎన్ని కిలోమీటర్లు తిరుగుతారు, రాత్రి ఛార్జింగ్ ఎక్కడ పెడతారు అన్నది. ఊళ్లోనే ముప్ఫై కిలోమీటర్లు తిరిగే మనిషికి 17.3 కిలోవాట్ అవర్ (అంటే 17.3 యూనిట్ల కరెంటు పట్టే) బ్యాటరీ ఉన్న ఎంజీ కామెట్ హాయిగా సరిపోతుంది, ఆయన పెద్ద బండి కొంటే ఆ అదనపు బ్యాటరీని ఊరికే మోసుకు తిరగడమే. రోజుకి 70 తిరిగే నాలాంటి వాడికి మే నెల ఎండలో ఏసీ వేసుకుని, మధ్యలో ఇంకో పని తగిలినా, ఛార్జర్ వెతుక్కోకుండా ఇంటికి చేరేంత ఉండాలి. అంటే ఫుల్ ఛార్జింగ్‌కి రోడ్డు మీద నిజంగా 130 కిలోమీటర్లైనా రావాలి. టియాగో ఈవీలో 24 కిలోవాట్ అవర్ది, టిగోర్ ఈవీ 26ది, 2020లో వచ్చిన మొదటి నెక్సాన్ ఈవీ 30.2ది, నేను చూసింది ఈ మధ్యలోనే. కోనా, జెడ్‌ఎస్ ఈవీ లాంటివి బ్యాటరీ పెద్దవే, నా బడ్జెట్ దాటిపోయాయి. మహీంద్రా ఈ2ఓ, ఈ-వెరిటో రెండు మూడు లక్షలకే దొరుకుతున్నాయని చాలామంది ఆశపడుతున్నారు. వాటి బ్యాటరీ వయసు చూడండి, ఛార్జింగ్ గన్ ఏ రకమో కూడా చూడండి. ఈ-వెరిటోకి, టాక్సీల కోసం వచ్చిన తొలి టిగోర్‌లకి పాత రకం పోర్టు ఉంటుంది. ఇప్పుడు హైవేల మీద పెడుతున్నవి దాదాపు అన్నీ సీసీఎస్2 అనే కొత్త రకం గన్‌లే, వాటికి పట్టవు.

కంపెనీ వాళ్లు చెప్పే రేంజ్, అంటే ఒక్క ఫుల్ ఛార్జింగ్‌తో వెళ్లే దూరం, పరీక్ష గదిలో వచ్చింది. మొదటి నెక్సాన్ ఈవీకి కాగితం మీద 312 కిలోమీటర్లు, రోడ్డు మీద కొత్తలోనే రెండు వందల చిల్లర. ఏ బండికైనా కాగితం మీద అంకెలో మూడింట రెండు వంతులు చూసుకుని, నాలుగేళ్లు నలిగిన బ్యాటరీకి ఇంకొంచెం తగ్గించుకుంటే గానీ నిజానికి దగ్గర పడదు.

నేను వదిలేసిన ఒక బండి గురించి చెప్పాలి. కంపెనీ పేరు ఇక్కడ అనవసరం. 2021 మోడల్, 45 వేలు తిరిగింది, అడిగింది ఏడుంపావు. రంగు మెరిసిపోతోంది, సీట్లకి కొత్త కవర్లు, టైర్లు బాగున్నాయి. "ఫుల్ ఛార్జ్‌కి 250 గ్యారంటీ సార్" అన్నాడు అమ్మే ఆయన. స్క్రీన్ మీద కూడా ఇంకా 232 వెళ్తుందని చూపిస్తోంది. ఆ అంకెని నమ్మకండి, ఇంతకు ముందు బండి ఎలా నడిచిందో చూసి వేసే అంచనా అది, వీధుల్లో నెమ్మదిగా నాలుగు రౌండ్లు తిప్పి పెడితే పెద్ద అంకె చూపిస్తుంది. నేను ఆయన్ని ఒక్కటే అడిగాను, రాత్రంతా ఛార్జింగ్ పెట్టి నూరు శాతం నింపి ఉంచండి, పొద్దున వస్తాను అని. పొద్దున ఏడింటికి మా అబ్బాయిని వెంటబెట్టుకుని వెళ్లాను. వాడు వెనక సీట్లో కూర్చుని నోటు పుస్తకం చివరి పేజీలో రాస్తున్నాడు. ట్రిప్ మీటర్ సున్నా చేశాం, ఏసీ 24లో పెట్టాం, డెబ్బై ఎనభై స్పీడు దాటలేదు. కాజా టోల్ గేట్ దాటేసరికి 89 శాతం. కనకదుర్గ వారధి ఎక్కేసరికి 78. గన్నవరం ఎయిర్‌పోర్టు గేటు దగ్గర బండి ఆపితే మీటరు మీద 57 కిలోమీటర్లు, బ్యాటరీ 61. మా వాడు అక్కడే లెక్క కట్టేశాడు, 39 శాతానికి 57 అయితే నూటికి 146. అమ్మే ఆయన "హైవే కదా సార్, హైవే మీద తగ్గుద్ది" అన్నాడు. తగ్గుతుంది, నిజమే. కానీ నేను రోజూ వెళ్లేది ఆ హైవే మీదే. పైగా అదే మోడల్ కొత్తది మా స్టాఫ్‌లో ఒకాయన దగ్గరుంది, అదే దారిలో ఆయనకి 200 తగ్గడం లేదు. నాలుగో వంతు పైనే పోయిన బ్యాటరీకి ఏడుంపావు ఎందుకివ్వాలి?

ఈ పరీక్ష చేయాలంటే పూర్తిగా నింపిన బండితోనే చేయాలి. ఈ మధ్య బండ్లలో చాలావాటికి ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) రకం బ్యాటరీ ఉంటుంది. మన ఎండలకి అది గట్టిదే, కానీ దాని వోల్టేజీ ముప్పావు వంతు దారి దాదాపు ఒకేలా ఉంటుంది కాబట్టి చాలా రోజులు నూరు దాకా నింపకపోతే మీటరు శాతం తప్పు చూపిస్తుంది. సగం ఛార్జింగ్ ఉన్న బండిని పది కిలోమీటర్లు తిప్పి "బాగానే ఉంది" అనుకుంటే ఏమీ తెలియదు. అమ్మేవాడు గంట సేపు హైవే మీద తిప్పనివ్వకపోతే, నన్నడిగితే, ఆ బండి వదిలేయడమే.

బడ్జెట్‌కి నేను పెట్టుకున్న లెక్క ఇది. రోజుకి 70 కిలోమీటర్లకి ఛార్జింగ్‌లో పోయేదానితో కలిపి నాకు 11 యూనిట్లు పడుతుంది. ఇంట్లో కరెంటు పై స్లాబులోకి వెళ్తుంది కాబట్టి యూనిట్ 9 రూపాయల లెక్కన రోజుకి వంద, నెలకి 2500. బయట ఫాస్ట్ ఛార్జర్ దగ్గర యూనిట్‌కి 20 పైన పెట్టాల్సి వస్తే ఈ లెక్క తలకిందులవుతుంది, అందుకే ఇంటి దగ్గర ప్లగ్ లేనివాళ్లు ఒకటికి రెండుసార్లు ఆలోచించండి. నాకు మిగిలేది నెలకి పదకొండు వేలు, అదే నాలుగున్నర లక్షల లోన్‌కి నాలుగేళ్ల ఈఎంఐకి దగ్గరగా వస్తుంది. అయితే ఆ ఈఎంఐ తీరేలోపు బ్యాటరీ వారంటీ అయిపోకూడదు. చాలా కంపెనీలు బ్యాటరీకి 8 ఏళ్లు లేదా లక్షా 60 వేల కిలోమీటర్లు ఇస్తాయి, ఏది ముందైతే అది, మొదటి రిజిస్ట్రేషన్ తేదీ నుంచి. ఏడాదికి 21 వేలు తిరిగే నేను లక్షా 12 వేలు తిరిగిన బండి 5.9 లక్షలకే వస్తోందని కొంటే, రెండేళ్ల మూణ్ణెల్లకి వారంటీ అయిపోతుంది, లోన్ ఇంకా ఏడాది తొమ్మిది నెలలు మిగిలే ఉంటుంది. ఆ తర్వాత బ్యాటరీ పోతే కొత్తది లక్షల్లోనే, దాదాపు బండి ధరంత. కాబట్టి అది చవక కాదు. అసలు ఆ వారంటీ రెండో ఓనర్‌కి వస్తుందా, సర్వీసులన్నీ కంపెనీ సెంటర్‌లోనే చేయించి ఉండాలా అన్నది కూడా కాగితం మీద చూసుకోవాలి. లైఫ్‌టైమ్ వారంటీ అని చెప్పేవి మొదటి ఓనర్‌కే, మన చేతికి వచ్చేసరికి అది తగ్గిపోతుంది. బ్యాటరీకి వేరేగా అద్దె కట్టే పథకంలో కొన్న బండి అయితే ఆ లెక్క తీరిందో లేదో ఆర్‌సీలో ఫైనాన్స్ వివరం చూడకుండా అడ్వాన్స్ ఇవ్వద్దు.

ఇంకో మాట, పాత బండి ధర పక్కన కొత్త బండి ధర పెట్టి చూడండి. 2024 ఫిబ్రవరిలో ధరలు తగ్గించినప్పుడు కొత్త టియాగో ఈవీ 7.99 లక్షల నుంచి మొదలైంది. రెండేళ్లు వాడిన అదే బండిని ఏడుకి అడుగుతున్న కన్సల్టెన్సీలు నాకు కనిపించాయి. పాత కారు లోన్‌కి వడ్డీ కూడా ఎక్కువే. ఒక కన్సల్టెన్సీలో అయితే "జీఎస్‌టీ 18 శాతం అదనం సార్" అని మొత్తం ధర మీద లెక్క వేసి చూపించారు. నాకు ఒక్కసారిగా లక్ష పైన తేడా, టెన్షన్ వచ్చేసింది. ఇంటికొచ్చి కనుక్కుంటే, 2025 జనవరి నుంచి ఉన్న ఆ 18 శాతం డీలరు కొన్న ధరకీ అమ్మిన ధరకీ మధ్య ఉన్న లాభం మీదే. ఇద్దరు మామూలు మనుషుల మధ్య అమ్మకానికి అసలు లేనే లేదు.

మన ప్రాంతం వాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాల్సింది నీళ్ల విషయంలో. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్ నగర్ వైపు కార్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. బ్యాటరీకి ఐపీ67 ఉందని, నీళ్లు ఏమీ చేయవని అమ్మేవాళ్లు చెబుతారు. ఐపీ67 అంటే మీటరు లోతు నీళ్లలో అరగంట. రోజుల తరబడి మునిగితే అది ఏం భరోసా ఇస్తుంది? నంబరు చూసి ఏ ఊరి బండో కూడా తెలియదు, 2019 నుంచి రాష్ట్రమంతా ఏపీ 39తో మొదలై ఒకే సిరీస్. సీటు బెల్టు చివరిదాకా లాగి చూడండి, బురద మరక ఉందేమో. సీట్ల కింద పట్టాల తుప్పు చూడండి. ఇన్సూరెన్స్ కంపెనీకి ఫోన్ చేసి 2024లో క్లెయిమ్ ఉందా అని అడగండి. నేను చూసిన మూడో బండిలో డిక్కీ స్టెప్నీ గుంటలో అడుగున ఎండిన మట్టి పొర ఉంది, గోరుతో గీస్తే పెళ్లలుగా లేచింది. అక్కడితో ఆపేశాను.

టాక్సీలుగా తిరిగినవి కూడా ఇప్పుడు బాగా వస్తున్నాయి, ఢిల్లీలో పెద్ద ఎలక్ట్రిక్ క్యాబ్ సంస్థ ఒకటి 2025 ఏప్రిల్‌లో ఆగిపోయాక మరీ. పచ్చ ప్లేటు మీద తెల్ల అక్షరాలైతే సొంత బండి, పసుపు అక్షరాలైతే టాక్సీ. ప్లేటు మార్చేసినా ఆర్‌సీ చరిత్రలో దొరుకుతుంది. రోజూ రెండు పూటలా ఫాస్ట్ ఛార్జింగ్ తిన్న బ్యాటరీలు అవి, తక్కువ ధరకి వస్తున్నాయంటే దానికి కారణం ఉంది.

ఇక రవాణా శాఖ వాళ్లతో నా మాట. నేను ఇంత తంటాలు పడింది బ్యాటరీ ఎంత మిగిలిందో తెలుసుకోవడానికే. ఆ అంకె బండి కంప్యూటర్‌లోనే ఉంటుంది, సర్వీస్ సెంటర్ వాళ్లు కేబుల్ పెడితే ఇరవై నిమిషాల్లో కనిపిస్తుంది. నేను కొన్న బండి విషయంలో ఒక సెంటర్‌కి వెళ్లి అడిగితే "ఆర్‌సీ మీ పేరు మీద లేదు, చెప్పం" అన్నారు. సరే అని ఓనర్‌ని బతిమాలి సెలవు పెట్టించి తీసుకెళ్లాను. కేబుల్ పెట్టి కొత్తప్పటి శక్తిలో ఇంకా 91 శాతం మిగిలిందని స్క్రీన్ మీద చూపించారు, దాన్నే కాగితం మీద ఇవ్వమంటే అలాంటి పద్ధతి లేదన్నారు. మూడోసారి వెళ్లి మేనేజర్‌తో గట్టిగా మాట్లాడితే గానీ ముద్ర వేసిన కాగితం చేతికి రాలేదు. నేను కాలేజీలో పనిచేస్తాను కాబట్టి, నోరుంది కాబట్టి వచ్చింది. అప్పు చేసి మొదటిసారి కారు కొంటున్న చిన్న ఉద్యోగి ఇన్నిసార్లు ఎలా తిరుగుతాడు?

పెట్రోలు బండికి పొల్యూషన్ సర్టిఫికెట్ లేకపోతే ఫైన్ వేస్తారు. ఎలక్ట్రిక్ బండికి పొగే లేదు కాబట్టి దానికి అది అక్కర్లేదు, న్యాయమే. కానీ ఆ బండి విలువలో పెద్ద భాగం మోసే బ్యాటరీ గురించి ఓనర్ మారేటప్పుడు ఒక్క కాగితం కూడా అడగకపోవడం న్యాయం కాదు. యూరప్‌లో 2027 ఫిబ్రవరి నుంచి ఎలక్ట్రిక్ బండ్ల బ్యాటరీలకి వాటి వివరాలు చూపించే డిజిటల్ పాస్‌పోర్ట్ తప్పనిసరి చేస్తున్నారు. మనం అంతదాకా వెళ్లే లోపు, ఓనర్ పేరు మార్చడానికి ఇచ్చే 29, 30 ఫారాలతో పాటు నెల లోపు తీసిన బ్యాటరీ రిపోర్టు జత చేయాలని పెట్టొచ్చు. ఫీజు ఎంతో ప్రభుత్వమే నిర్ణయించి, కొనబోయేవాడు ఓనర్ ఒప్పుదలతో వెళితే సర్వీస్ సెంటర్ ఇచ్చి తీరాలని ఆర్డరు వేయొచ్చు. మీ విలేకరులు దీని గురించి విజయవాడలో రవాణా శాఖ కమిషనర్ గారిని ఒకసారి అడిగి, ఆయన చెప్పింది వేయమని కోరుతున్నాను.

నా బండి 2022 మోడల్, 41 వేలు తిరిగింది, ఏడున్నరకి వచ్చింది. లోన్ 2029లో తీరుతుంది, వారంటీ 2030 దాకా ఉంది. ఆ 91 శాతం కాగితం ఆర్‌సీ కవర్‌లోనే పెట్టుకున్నాను. ఏటా ఒకసారి రిపోర్టు తీయించి అందులోనే పెడతాను, నా తర్వాత కొనేవాళ్లు అడిగే అవసరం లేకుండా తాళాలతో పాటే ఇస్తాను.

ఇట్లు,
ఒక లెక్చరర్, గుంటూరు