తలుపు కింది అంచుకు కూడా వార్నిష్ వేయించండి

సంపాదకులకు నమస్కారం.

దీపావళి దగ్గర పడుతోందంటే చెన్నైలోని మన తెలుగు ఇళ్లలో సున్నాలు, రంగులతో పాటు తలుపులకు వార్నిష్ పనీ మొదలవుతుంది. హైదరాబాదులో ఆ వేళకు వానలు తగ్గుముఖం పడతాయి. ఇక్కడ ఈశాన్య రుతుపవనాలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఉంటాయి, పండగ సరిగ్గా వాటి నడుమ వస్తుంది. తేమ పీల్చుకున్న చెక్క మీద పూత వేస్తే ఆ తేమను లోపల పెట్టి మూత బిగించినట్టే. ఎండలు రాగానే అది బయటికి తన్నుకొస్తుంది, పూత పొక్కి పెచ్చులూడుతుంది. పండగలోపే కావాలంటే సెప్టెంబరులో నాలుగైదు పొడి రోజులు చూసి ముగించాలి. లేదా సంక్రాంతి దాటనివ్వండి. ఫిబ్రవరి, మార్చి ఈ పనికి అన్నిటికన్నా మంచి నెలలు.

వానల్లో తలుపు బిగుసుకుంటే తొందరపడి చిత్రిక పట్టించకండి. చెక్క ఉబ్బేది వెడల్పులో, ఎండాకాలానికి మళ్లీ తగ్గుతుంది. ఇప్పుడు తీసేసినంతా అప్పుడు సందుగా మిగులుతుంది.

ఉబ్బడానికి కారణం చాలా ఇళ్లలో ఒకటే. చేతి అద్దం ఒకటి తలుపు కింద నేల మీద పెట్టి చూడండి. ముందు వెనకలు తళతళ మెరుస్తున్నా కింది అంచు పచ్చి చెక్కలాగే ఉంటుంది. పై అంచూ అంతే. నిలువు పట్టీల కోసిన కొసలు అక్కడే తెరుచుకుని ఉంటాయి. పట్టీ పక్క భాగం మీద ఒక నీటిబొట్టు వేస్తే నిలుస్తుంది, కొస మీద వేస్తే చూస్తుండగానే ఇంకిపోతుంది. ఇల్లు కడిగిన ప్రతిసారీ తలుపు అలాగే నీళ్లు తాగుతోంది. కాబట్టి బందులు విప్పి, తలుపు పడుకోబెట్టి, ముందు ఆ కొసలకే మూడు పూతలు పట్టించాలి. కొత్త ఫ్లాటు తీసుకునేవారు తాళాలు పుచ్చుకునే ముందే అద్దం పెట్టి చూసుకోవడం మంచిది.

ఇక పని. శాండ్ పేపర్‌ను ఇక్కడి కొట్లలో ఉప్పుత్తాళ్ అని అడిగితే ఇస్తారు. 120, 180, 220 నంబర్లు వరసగా, చెక్క చారల వెంటే రుద్దాలి. అడ్డంగా రుద్దిన గీతలు వార్నిష్ పడ్డాకే బయటపడతాయి, అప్పుడు చేసేదేమీ ఉండదు. పాత పూత గట్టిగా ఉంటే మెరుపు పోయేదాకా రుద్దితే చాలు. పెచ్చులు లేస్తుంటే మొత్తం గీకేయాలి. పసుపు రాసే గడపలో ఏళ్ల నూనె దిగి ఉంటుంది, గడియ చుట్టూ చేతి జిడ్డు ఉంటుంది. టేకులోనైతే సహజంగానే నూనె ఉంటుంది. అలాంటి చోట పూత ఆరదు. థిన్నర్‌లో తడిపిన గుడ్డతో తుడిచి, అది ఆరాకే మొదలుపెట్టాలి.

డబ్బాను ఊపకండి. బుడగలు లేచి పూతలోకి వస్తాయి. కర్రతో అడుగుదాకా నెమ్మదిగా కలపాలి. మొదటి పూతకు లీటరుకు 100 నుంచి 200 మిల్లీలీటర్ల టర్పెంటైన్ కలిపితే చెక్కలోకి దిగుతుంది. తర్వాతి రెండూ డబ్బాలో ఉన్నట్టే వేయాలి. ఏడడుగుల ఎత్తు, మూడడుగుల వెడల్పు తలుపుకు రెండు వైపులా కలిపి ఒక పూతకు దాదాపు 400 మిల్లీలీటర్లు పడుతుంది. వీధి తలుపుకైతే డబ్బా మీద బయటి వాడకానికని రాసినదే కొనండి. లక్క పాలిష్ అక్కడ వద్దు, వానచుక్క పడితే తెల్లబడుతుంది.

ఉదయం పది తర్వాత, నీడలో వేయండి. పలచగా. ఒకేసారి మందంగా వేస్తే పైన తోలు కట్టి లోపల పచ్చిగా ఉండి ముడతలు పడుతుంది. వేసిన వెంటనే టార్చిలైటు పక్కవాటంగా పట్టి చూస్తే కారిన చోట్లు తెలుస్తాయి, అప్పుడే బ్రష్షుతో లాగేయవచ్చు. కిటికీలు తెరవండి, ఫ్యాను మాత్రం వద్దు, దుమ్మంతా తెచ్చి అంటిస్తుంది. దగ్గర్లో పొయ్యి వెలిగించకూడదు.

రెండో పూత ఎప్పుడన్నది గడియారం చెప్పదు, ఉప్పుత్తాళే చెబుతుంది. మర్నాడు 320 నంబరుతో మెల్లగా రుద్దండి. తెల్లటి పొడి రాలితే ఆరినట్టు. కాగితానికి జిగురు ఉండల్లా అంటుకుంటే ఇంకో రోజు ఆగాలి. ఆ పొడిని పూర్తిగా తుడిచాకే బ్రష్షు పట్టాలి.

నూనె వార్నిష్ తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూల పడేయడం ప్రమాదం. ఆరేటప్పుడు పుట్టే వేడి ఉండలోనే నిలిచి, నిప్పు తగలకుండానే అంటుకుంటాయి. విడివిడిగా బయట ఆరేయాలి, లేదా బకెట్టు నీళ్లలో ముంచి ఉంచాలి. పిల్లలు తిరిగే ఇళ్లలో ఇది మరీ ముఖ్యం.

– పాలిష్ పనివాళ్లం, పెరంబూరు, చెన్నై