నకిరేకల్ దాటాక కలిసిన పెద్దాయనకి

గ్రూపులో అందరికీ నమస్కారం. విజయవాడ లాడ్జిలో కూర్చుని రాస్తున్నా. గోళ్ల సందుల్లో గ్రీజు ఇంకా వదల్లేదు. రేపు రాద్దామంటే సగం మర్చిపోతానని భయం.

ఉద్యోగం పోయి నాలుగు నెలలైందని మీలో కొందరికి తెలుసు. ఈరోజు పదకొండింటికి ఆటోనగర్‌లో ఒక వర్క్‌షాపులో సర్వీస్ అడ్వైజర్ ఇంటర్వ్యూ. తెల్లవారుజామున నాలుగింటికి ఎల్బీ నగర్ నుంచి బయల్దేరా, మన 2004 మారుతి 800 మీదే. నకిరేకల్ దాటాక లారీ వెనక గేరు తగ్గిద్దామని తొక్కితే క్లచ్ పెడల్ నేలకి అతుక్కుపోయింది. కేబుల్ తెగింది. డిక్కీలో ఫ్యాన్ బెల్టు, ప్లగ్గులు, ఫ్యూజులు, ఆఖరికి వైపర్ బ్లేడ్లు కూడా ఉన్నాయి. క్లచ్ కేబుల్ లేదు. నవ్వుకోండి.

ఇన్సూరెన్స్ వాళ్లకి ఫోన్ చేస్తే ఇరవై నిమిషాలు పాట వినిపించి, బండి పాతది కాబట్టి రోడ్డు మీద సాయం రాదన్నారు. 2019లో రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఫీజు 600. 2022లో దాన్ని 5,000 చేశారు, 2024లో అదీ కట్టా. గ్రీన్ టాక్స్ వేరే. డబ్బులు కట్టేటప్పుడు నడిచే బండే, సాయం అడిగితే పాత ఇనుము. సరే, ఆ ఏడుపు ఇంకోసారి.

బస్సు కోసం నిలబడ్డ ఒక పెద్దాయన దగ్గరికొచ్చి "ఏమైంది బిడ్డా" అన్నాడు. చెప్పా. "గేర్లు మంచిగనే ఉన్నయి గదా, క్లచ్ తోని పనేంది?" అని చెప్పులు విప్పి డ్రైవింగ్ సీట్లో కూర్చున్నాడు. ముప్పై ఎనిమిదేళ్లు లారీ నడిపాడట. ఫస్ట్ గేర్లో ఉంచే తాళం తిప్పితే బండి మేకపిల్లలా రెండు గెంతులు గెంతి స్టార్టయింది. ఎక్సలేటర్ వదలడం, ఇంజన్ చప్పుడు దిగేదాకా ఆగడం, రెండు వేళ్లతో గేరు తోయడం. ఒక్క గీకుడు లేదు! పదిహేనేళ్లుగా ఈ బండి నడుపుతున్నా, దాని మాట వినడం నాకు రాదని ఇవాళే తెలిసింది. కొర్లపహాడ్ టోల్‌గేటు దగ్గర ఆపి, మళ్లీ అదే గెంతుడు. వెనక కార్ల వాళ్లు హారన్లు కొడితే "కొట్టుకోనీ" అన్నాడు.

సూర్యాపేటలో షెడ్డు తెరిచేదాకా నాతోనే కూర్చున్నాడు. మూడుసార్లు టీ అడిగా, వద్దన్నాడు. మొహమాటమనుకున్నా. "నువ్వు పొద్దుగాల్నుంచి ఏం తినలే" అని తన సంచిలోంచి గిన్నె తీసిచ్చాడు. జొన్నరొట్టె, టమాట తొక్కు. మొత్తం తినేశా.

కేబుల్ పడేసరికి తొమ్మిదీ ఇరవై. ఎక్కడికెళ్లాలి, దింపుతానన్నా. అప్పుడు చెప్పాడు. షుగర్ పరీక్షకి పరగడుపున రమ్మన్నారట, తొమ్మిదింటి దాకానే రక్తం తీసుకుంటారట. "రేపొస్త తీ. నీకు ఆలస్యమైతది, పో." ఆ రొట్టెలు పరీక్షయ్యాక తినడానికి తెచ్చుకున్నవి. డబ్బులివ్వబోతే నా చేతిని నా జేబులోనే పెట్టాడు. కోదాడ దాకా కళ్లు తుడుచుకుంటూనే నడిపా. పేరు కూడా అడగలేదు, బుద్ధిలేనోణ్ని.

ఇంటర్వ్యూ రెండింటికి మార్చారు. బానే చేశా, రెండ్రోజుల్లో చెప్తామన్నారు. మా ఆవిడ, బావమరిది పొద్దున్నుంచీ ఫోన్ల మీదే ఉన్నారు. వాళ్లకి వేరే చెప్పేదేముంది.

అయ్యో, అసలు మనవాళ్లనే మర్చిపోయా. ఆరున్నరకి నిద్రలేచి సూర్యాపేట షాపులన్నిటికీ ఫోన్లు కొట్టిన ఖమ్మం అన్నకి దండాలు. స్నానం మధ్యలో వచ్చి షట్టర్ ఎత్తిన స్పేర్ పార్ట్స్ కుర్రాడికీ. కేబుల్‌కి మూడొందల చిల్లర తీసుకుని బిగించిన కూలి వద్దన్న మెకానిక్‌కి కూడా.

ఆ స్టీలు గిన్నె నా కార్లోనే ఉండిపోయింది. నకిరేకల్ వైపు వాళ్లెవరైనా ఉంటే, పొట్టిగా, తెల్ల మీసాలతో, ఎడమచేతికి రాగి కడియం ఉన్న పాత లారీ డ్రైవర్. కాస్త కనుక్కోండి. ఆదివారం తిరిగెళ్తూ ఆగుతా.