ఎండ ముదిరేది రోహిణికి ముందే

సంపాదకుడు గారికి నమస్కారం,

ఏప్రిల్ సగం కూడా కాకముందే పేపర్లలో, టీవీల్లో "రోహిణి కార్తెను తలపిస్తున్న ఎండలు" అని మొదలుపెడతారు, అది సరికాదు సార్. రోహిణి కార్తె అంటే సూర్యుడు రోహిణి నక్షత్రంలో ఉండే రెండు వారాలు, మే 25 దగ్గర మొదలై జూన్ 7కో 8కో అయిపోతాది, ఆ వెంటనే మృగశిర. రోళ్లు పగులుతాయన్న మాట అందరి నోట్లో నానింది కాబట్టి నడి ఎండాకాలమంటే రోహిణే అని జనం ఫిక్సయిపోయినారు, దానికంటే ముందొచ్చే భరణి కార్తె ఎండకు బండలు పగులుతాయని కూడా పెద్దలే అన్నారు, అది మాత్రం ఎవరూ రాయరు.

కోస్తా వాళ్లకు రోహిణి నిజంగానే గండం, పడమటి గాలి తోలితే అంతే. 2015 మే ఆఖర్లో మన రాష్ట్రంలోనే వెయ్యికి పైగా ప్రాణాలు పోయినాయి. కానీ మా కర్నూలు, అనంతపురం వైపు ఏప్రిల్ నెలాఖరుకే, అంటే భరణికే నిప్పులు కురుస్తాయి, రోహిణి వచ్చేటప్పటికి ఒక్కోసారి సాయంత్రం గాలీవానా పడి కాస్త సల్లబడతాది కూడా. రోహిణి ఇంకా రాలేదులే అని ముసలోళ్లు మిట్టమధ్యాహ్నం రేషన్‌కనీ పెన్షన్‌కనీ బయటికి పోతాండారు, నా బాధంతా అదే.

ఇంకోటి, కర్తరి. దాన్నే కత్తెర అంటారు. పంచాంగంలో మే 4 ప్రాంతంలో చిన్న కర్తరి, 11కి పెద్దది మొదలై 28 దాకా ఉంటాది, ఆ రోజుల్లో పునాది తవ్వకూడదు, చెట్టు కొట్టకూడదు, ఇంటి పని మొదలుపెట్టకూడదు అని పెద్దోళ్ల కట్టుబాటు. నమ్మకం సంగతి ఎట్లున్నా, ఆ మూడున్నర వారాలు మట్టి పని ఆగిందంటే కూలోళ్లకు అంత మేలే కదా. ఇప్పుడు ముహూర్తానికి కర్తరి చూసేవాళ్లు కూడా ముందే మొదలైన పనిని ఆపరు. మొన్న మా వీధిలో మధ్యాహ్నం రెండింటికి స్లాబు వేస్తాండారు, తట్ట దించిన ఒకామె తలగుడ్డ తడుపుకుందామని డ్రమ్ములో చెయ్యి పెట్టి చటుక్కున తీసేసింది, నీళ్లు అంత కాగిపోయినాయి.

కాబట్టి నా మనవి, వాతావరణం వార్త పక్కనే ఏ కార్తె నడుస్తోందో తేదీలతో వేయండి, మా జిల్లా ఎడిషన్లో జాగ్రత్తలు భరణి నుంచే మొదలుపెట్టండి. కాంట్రాక్టర్లూ అధికారులూ కత్తెర రోజుల్లో పదకొండు నుంచి నాలుగు దాకా ఎండలో పని ఆపించి, కూలి మాత్రం కోయకుండా ఇచ్చేట్టు మీ పేపర్ గట్టిగా రాయాలి.

ఇట్లు,
ఒక పాఠకుడు, కర్నూలు