స్టేటస్‌లో పెట్టాక డిజైన్‌కు రిజిస్ట్రేషన్ ఉండదు

సంపాదకులకు,

పండుగల సీజన్ దగ్గరపడితే చాలు, చెన్నైలో మన తెలుగువాళ్ళ బొటిక్కుల నుంచి, గిల్టు నగల కొట్ల నుంచి, షావుకారుపేట చీరల హోల్‌సేల్ వ్యాపారుల నుంచి ఒకటే మాట: "మా డిజైన్ ఎత్తేశారు. మాకు రిజిస్ట్రేషన్ ఉంది కదా, ఆపలేమా?" కాగితాలు తెప్పించి చూస్తే చాలామంది దగ్గర ఉండేది ట్రేడ్‌మార్క్ సర్టిఫికెట్. అది కొట్టు పేరును కాపాడుతుంది. చీర అంచులో నెమళ్ళ వరసకూ, బుట్టకమ్మల ఆకారానికీ దానితో సంబంధం లేదు. వాటికి 2000 నాటి డిజైన్ల చట్టం కింద విడిగా దరఖాస్తు వేయాలి. పేరు రిజిస్ట్రేషన్ పని మన గిండీ ట్రేడ్‌మార్క్ ఆఫీసులోనే జరుగుతుంది. డిజైన్‌ను ఆన్‌లైన్‌లో ఎక్కడి నుంచి వేసినా పరిశీలించేది కోల్‌కతాలో.

ఇందులో మనవాళ్ళు ఎక్కువగా దెబ్బతినేది ఒక్క చోట. దరఖాస్తు తేదీకి ముందు ఆ డిజైన్ మన దేశంలో గానీ బయట గానీ జనం కంట పడి ఉండకూడదు. బయటపెట్టింది సొంతదారే అయినా ఇదే రూలు. "నా డిజైన్ నేనే పెట్టుకున్నాను, తప్పేంటి?" అంటే చట్టం వినదు. వాట్సాప్ స్టేటస్, ఇన్‌స్టా రీల్, డీలర్ల గ్రూపులో వేసిన కేటలాగ్ పీడీఎఫ్, అన్నీ బయటపెట్టినట్టే. రిజిస్ట్రేషన్ వచ్చేసినా ఎదుటివాడు తేదీ కనిపించే స్క్రీన్‌షాట్ జతచేసి 19వ సెక్షన్ కింద రద్దు కోరవచ్చు. సొంతదారు తానే బయటపెట్టినా 12 నెలల్లోపు దరఖాస్తు వేసుకోవచ్చని కొన్ని దేశాల్లో ఇచ్చే వెసులుబాటు మన 2000 చట్టంలో లేదు. 2024 నవంబరులో రియాద్‌లో కుదిరిన అంతర్జాతీయ ఒప్పందం మాత్రం ఆ వెసులుబాటు ఇవ్వాలంటోంది.

అలాగని దరఖాస్తు దాకా ఎవరికీ చూపకుండా వ్యాపారం సాగదు. 16వ సెక్షన్ ఇందుకు కొంత దారి వదిలింది. గోప్యంగా ఉంచాలన్న షరతుతో జాబ్‌వర్కు చేసేవారికి ఇచ్చిన నమూనాను వాళ్ళు నమ్మకద్రోహం చేసి బయటపెడితే హక్కు పోదు. బట్టల డిజైన్‌కైతే ఇంకో మినహాయింపు కూడా ఉంది: గోప్యంగా తీసుకున్న మొదటి ఆర్డరును బయటపెట్టినట్టుగా లెక్కించరు. ఈ సంగతి షావుకారుపేటలో ఎంతమందికి తెలుసో! ఆ గోప్యత మాత్రం కాగితం మీద ఉండాలి. డెలివరీ చలానా మీదే "రిజిస్ట్రేషన్ కోసం ఉద్దేశించిన డిజైన్, గోప్యం" అని రాసి సంతకం చేయించుకోవాలి. నోటి మాటను రుజువు చేయడం కష్టం.

ఫీజు చూసి భయపడనక్కర్లేదు. వ్యక్తులకు, స్టార్టప్‌లకు, చిన్న సంస్థలకు వెయ్యి రూపాయలు. రక్షణ 10 ఏళ్ళు; ఆ గడువు తీరకముందే రెండు వేలు కట్టి మూడో ఫారం వేస్తే ఇంకో 5 ఏళ్ళు. ఆలస్యమంతా ఫొటోల దగ్గరే. మోడల్ కట్టుకున్న చీర ఫొటో పనికిరాదు. సాదా నేపథ్యంలో వస్తువు ఒక్కటే ఉండాలి. నగకైతే ముందు, వెనక, పైన, కింద, రెండు పక్కలు, ఒక వాలు కోణం తీస్తే అభ్యంతరాలు తగ్గుతాయి. ఫ్రేములో బ్రాండు ట్యాగు కనిపించకూడదు. కొత్తదనం దేనిలో ఉందో వాక్యంలో చెప్పాలి: ఆకారంలోనా, ఉపరితలం మీది నమూనాలోనా? అన్నపక్షి, రుద్రాక్ష, టెంపుల్ బోర్డరు ఎవరి సొత్తూ కావు. వాటిని మీరు కొత్తగా కూర్చిన తీరునే అడగండి. దరఖాస్తులో రాసే వస్తువుల వర్గం, అంటే క్లాసు, తప్పితే రక్షణ తప్పుడు వస్తువుకు వస్తుంది: బట్ట తాను 5వ క్లాసు, కుట్టిన దుస్తులు 2, నగలు 11. అభ్యంతరాలన్నీ దరఖాస్తు తేదీ నుంచి 6 నెలల్లో తీర్చాలి. అడిగితే మరో 3 నెలలు. అదీ దాటితే వదిలేసినట్టే.

"కాపీరైట్ ఎలాగూ ఉంటుంది కదా" అనే ధీమా కూడా చాలామందిది. కాపీరైట్ చట్టం 15(2) ప్రకారం, రిజిస్టర్ చేయదగిన డిజైన్‌ను చేయకుండా వదిలేసి, ఆ డిజైన్‌తో వస్తువును పారిశ్రామిక పద్ధతిలో 50 సార్లకు మించి తయారుచేస్తే కాపీరైట్ అక్కడితో ఆగిపోతుంది. స్క్రీన్ ప్రింటింగులో 50 చీరలు ఏపాటి?

లోగో సంగతి వేరు. బయటి ఆర్టిస్టుకు డబ్బిచ్చి గీయించినంత మాత్రాన దాని కాపీరైట్ మీది కాదు. రాతపూర్వకంగా, సంతకంతో బదిలీ చేయించుకోవాలి. ఆ కాగితంలో కాలం రాయకపోతే 5 ఏళ్ళే, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. రెండూ రాయించండి.

ఇక పేర్లు. ఇంటి పచ్చళ్ళ వ్యాపారులు సరుకును వర్ణించే మాటనో, దేవుడి పేరునో ఎంచుకుని తర్వాత బాధపడుతుంటారు. "రామాయణ్" అనే పేరు మీద అగరుబత్తుల వ్యాపారి గుత్తహక్కు కోరితే సుప్రీంకోర్టు 2015లో కుదరదంది. ట్రేడ్‌మార్క్‌కు క్లాసుల జాబితా వేరు: పచ్చడికి 29వ క్లాసు, కారప్పొడికి 30. ఒకటి వేసి రెండూ వచ్చాయనుకోవద్దు. ఒక్కో క్లాసుకు ఆన్‌లైన్ ఫీజు చిన్న వ్యాపారికి 4,500. తెలుగు లిపిలో పేరుంటే ఇంగ్లీషు అక్షరాల్లో ఉచ్చారణ, అర్థం జతచేయాలి. ఆఫీసు పంపే పరిశీలన నివేదికకు నెలలోపు జవాబివ్వాలి. ఆ ఈమెయిలు ఏజెంటు పెట్టెలో పడి మురిగిపోయిన కేసులు కొల్లలు, కనుక దరఖాస్తు నంబరుతో మీరే నెలకోసారి స్థితి చూసుకోండి. ట్రేడ్‌మార్క్ జర్నల్‌లో వచ్చాక 4 నెలల పాటు ఎవరైనా అభ్యంతరం చెప్పవచ్చు. రిజిస్టర్ కాకముందే గుండ్రంలో ఆర్ గుర్తు (®) వేయడం చట్టవిరుద్ధం. అప్పటిదాకా టీఎం (ట్రేడ్‌మార్క్) అన్న గుర్తు చాలు.

ఇంత చేసి దొంగను పట్టుకున్నా, డిజైన్ల చట్టం 22వ సెక్షన్ కింద ఒక్కో ఉల్లంఘనకు రాబట్టగలిగేది గరిష్ఠంగా 25,000, ఒక డిజైన్‌కు మొత్తం కలిపి 50,000 రూపాయలు. నిషేధ ఉత్తర్వు, అసలు నష్టం కావాలంటే జిల్లా కోర్టుకు తగ్గని కోర్టులో దావా వేయాలి. రిజిస్ట్రేషనే చెల్లదని ఎదుటివాడు వాదిస్తే కేసు హైకోర్టుకు పోతుంది. ఒక్క సీజన్‌లో లక్షల సరుకు అమ్ముకునేవాడికి ఆ 50,000 ఖర్చు పద్దులో ఒక గీత. ఈ పరిమితిని పెంచాలనీ, సొంతదారుకు 12 నెలల వెసులుబాటు ఇవ్వాలనీ మన చేనేత, నగల వర్తక సంఘాలు కేంద్ర వాణిజ్య శాఖకు రాతపూర్వకంగా విన్నవించాలి. మీ పత్రిక వ్యాపారం పేజీ ఈ రెండు కోరికలనూ చర్చకు పెట్టాలని మనవి.

— మేధోహక్కుల దరఖాస్తుల పనిలో ఉన్నవారం,
చెన్నై