ఎక్కనని చెప్పే వీలు కూడా ఉండాలి

సంపాదకులు గారికి నమస్కారం.

టీమ్ బిల్డింగ్ పేరుతో ఆఫీసులవాళ్లు, స్కూళ్లవాళ్లు మనుషుల్ని ఆరుబయట తాళ్ల వంతెనల మీదకీ చెక్క గోడల మీదకీ ఎక్కించడం గురించి మీ పేజీలో ఉత్తరాలు చూస్తున్నాను. దండగమారి ఖర్చని ఒకరు, దీంతో మనిషే మారిపోతాడని ఇంకొకరు. నేను ఈ రోప్స్ కోర్సుల్లోనే ఇన్‌స్ట్రక్టర్‌ని, అంటే పైన ఎవరో భయపడుతూ నడుస్తుంటే కింద తాడు పట్టుకుని మెడ పట్టేసేదాకా పైకి చూస్తూ నిలబడే బాపతు. రెండు మాటల్లోనూ కొంత నిజం ఉంది. కాకపోతే ఇద్దరూ అసలు సంగతి వదిలేశారు. ఎక్కనని చెప్పే వీలు, దిగాక కూర్చుని మాట్లాడుకునే టైమ్, ఈ రెండూ లేకపోతే మా దగ్గరికి రావడమే అనవసరం.

ఎక్కువసార్లు జరిగేది ఇది. బస్సు దిగీ దిగగానే పెద్దసారు "అందరూ ఎక్కాల్సిందే, సాకులు చెప్పొద్దు" అంటాడు. నవ్వుతూనే అంటాడు, కానీ అప్రైజల్ ఆయన చేతిలో ఉన్నప్పుడు ఆ నవ్వుకి ఎవరు ఎదురు చెప్తారు? ఒకమ్మాయి స్తంభం ఎక్కుతుంది. పైన రెండు పాదాలు పట్టేంత జాగా ఉంటుంది, ఒక కాలు పెట్టి రెండోది పెట్టలేక స్తంభాన్ని వాటేసుకుని ఆగిపోతుంది. మోకాళ్లు కుట్టుమిషన్‌లా టకటకలాడుతుంటాయి, ఆ వణుకు తాడులోంచి నా చేతికి తెలుస్తూనే ఉంటుంది. కింద అందరూ ఫోన్లు పట్టుకుని "దూకు, దూకు" అని ఒకటే గోల. దూకేస్తుంది పాపం. ఫొటో బ్రహ్మాండంగా వస్తుంది, ఆత్మవిశ్వాసం పెరిగిందని కంపెనీ పేజీలో పెడతారు. ఆ అమ్మాయికి తెలిసొచ్చింది మాత్రం ఈ టీమ్‌లో "నావల్ల కాదు" అంటే వినే నాథుడు లేడని.

ఎంతవరకు వెళ్లాలో ఎవరికి వాళ్లే తేల్చుకోవాలన్నది మా పనిలో పాత నియమమే. 1971లో అమెరికాలోని మసాచుసెట్స్‌లో ఒక హైస్కూల్లో మొదలైన ప్రాజెక్ట్ అడ్వెంచర్ అనే సంస్థ దీనికి 'ఛాలెంజ్ బై ఛాయిస్' అని పేరు పెట్టి ప్రచారంలోకి తెచ్చింది. అలాగని ఎక్కనివాళ్లు ఓ పక్కన కూర్చుని ఫోన్ చూసుకోమని ఎవరూ అనలేదు. నిచ్చెన పట్టుకోవచ్చు, బిలే చేసేవాడి, అంటే ఎక్కేవాళ్లు పడిపోకుండా కింద తాడు పట్టేవాడి, వెనక నిలబడి మిగతా తాడు పట్టుకోవచ్చు, పైకెళ్లే మనిషి ఒంటికి కట్టే పట్టీల, అంటే హార్నెస్, బకిల్స్ సరిగా ఉన్నాయా, దానికి తాడు తగిలించే కొక్కెం, అంటే కారబినర్, లాక్ పడిందా అని నొక్కి చూడొచ్చు. ఇంకొకరి ప్రాణం చూసుకునే పని ఎక్కడం కంటే ఎందులోనూ తక్కువ కాదు.

టీమ్ అసలు రంగు తెలియాలంటే మాత్రం నేలమీది ఆటలే చూడాలి. స్పైడర్ వెబ్ అని ఒకటుంది. రెండు స్తంభాల మధ్య తాళ్లతో సాలెగూడులాంటి వల కడతాం, జట్టంతా వలకి తగలకుండా అవతలికి వెళ్లాలి, ఒకరు వాడిన కంత మళ్లీ వాడకూడదు. మొదట్లోనే ఇద్దరు గొంతున్నవాళ్లు అజమాయిషీ మొదలుపెడతారు, సులువుగా ఉన్న పెద్ద కంతలన్నీ సన్నటివాళ్లే వాడేస్తారు, లావుపాటి మనిషి దగ్గరికి వచ్చేసరికి చిన్నవే మిగుల్తాయి. ఇక ఆఖరి మనిషిని ఇవతలి నుంచి ఎత్తడానికి ఎవరున్నారు? ఈ మాట మొదట్లోనే వెనక నుంచి ఎవరో మెల్లగా అని ఉంటారు, ఎవరూ పట్టించుకోలేదు. ఆట అయ్యాక గుండ్రంగా కూర్చోబెట్టి "ఏం జరిగింది, ఆఫీసులో కూడా ఇలాగే జరుగుతోందా, రేపట్నుంచి ఏం మారుద్దాం" అని అడిగితే అప్పుడు మొదలవుతుంది అసలు పని. కొన్నిసార్లు చాలాసేపు ఎవరూ నోరు విప్పరు. ఫర్వాలేదు, ఆగాలి. కానీ ఆలస్యమైందంటే ముందు కోసేసేది ఈ అరగంటనే, తీగ మీద వేలాడుతూ జారే జిప్‌లైన్ జోలికి మాత్రం ఎవరూ వెళ్లరు!

1941లో వేల్స్‌లోని అబర్‌డవీలో విద్యావేత్త కర్ట్ హాన్, నౌకల వ్యాపారి లారెన్స్ హోల్ట్ కలిసి ఔట్‌వర్డ్ బౌండ్ అనే సాహస శిక్షణ స్కూలు మొదలుపెట్టినప్పుడు, యుద్ధంలో ఓడలు మునిగితే కుర్ర నావికులు తట్టుకోలేకపోతున్నారన్న బెంగ వాళ్లది. ఆ శిక్షణ దాదాపు నాలుగు వారాలు. మనం ఒక పూటలో తేల్చేసి అదే ఫలితం కావాలంటే ఎలా? 1997లో హ్యాటీ అనే పరిశోధకుడి బృందం ఇలాంటి సాహస శిక్షణల మీద వచ్చిన 96 అధ్యయనాల్ని కలిపి చూస్తే ప్రయోజనం ఓ మోస్తరుగానే తేలింది, కాకపోతే శిక్షణ ముగిశాక కూడా అది పెరిగింది. ఎక్కువ రోజులు సాగినవాటికి ఫలితం మెరుగ్గా ఉంది. అచ్చంగా ఛాలెంజ్ కోర్సుల, అంటే మా రోప్స్ కోర్సుల, మీదే 44 అధ్యయనాల్ని కలిపి 2008లో ఇంకొకరు లెక్కేసినా మోస్తరు ఫలితమే. దండగా కాదు, మహిమా కాదు.

వెనక్కి వాలిపోతే మిగతావాళ్లు పట్టుకునే ట్రస్ట్ ఫాల్ అంటే నాకు మొదట్నుంచీ గిట్టదు. భయానికి పడేవాడు నడుం దగ్గర వంగితే బరువంతా ఇద్దరి చేతుల మీద పడుతుంది, మోచెయ్యి ఎవరి మొహానికో తగులుతుంది. పట్టుకోవడం తీరిగ్గా నేర్పే టైమ్ లేకపోతే ఆ ఆటే వద్దు. నమ్మకం పెంచడానికి వేరే దారులు బోలెడున్నాయి.

డబ్బు కట్టేముందు ఎంత ఎత్తు, ఎన్ని ఆటలు అని అడుగుతారు గానీ, ఈరోజు పొద్దున తాళ్లూ తీగలూ తనిఖీ చేసిన రిజిస్టర్ చూపించమని అడిగేవాళ్లు తక్కువ. పైన ఎవరైనా హార్నెస్‌లో కదలకుండా వేలాడిపోతే కాళ్లలో రక్తం నిలిచి ప్రమాదం కావచ్చు, వెంటనే దించడం ఎవరికి వచ్చు, ఎలా దించుతారు అని కూడా అడగండి. తడుముకుంటే వెనక్కి వచ్చేయండి.

మాట్లాడుకునే టైమ్‌ని షెడ్యూల్‌లో ముందే రాయించుకోండి. పెద్దసార్లకి ఇంకో విన్నపం, మొదటి హార్నెస్ మీకే వేస్తాం. ఎక్కాలో వద్దో అప్పుడు మీరే చెప్పండి, ఏ మాట చెప్పినా ఎవరూ అరవకుండా చూసుకునే పూచీ మాది.

ఇట్లు,
తాడు పట్టే ఒక ఇన్‌స్ట్రక్టర్