తాతయ్య ముంజేతి మచ్చలు

చిట్టితల్లీ,

పరీక్షలు బాగా రాశానని నువ్వు చెప్పాక మనసు కుదుటపడింది. ఫోన్‌లో అయితే హడావిడిలో సగం మర్చిపోతానని ఇది కూర్చుని రాస్తున్నాను.

ఆదివారం అందరం ఇక్కడ ఢిల్లీ చాణక్యపురిలోని రైలు మ్యూజియానికి వెళ్లాం. తాతయ్య బెజవాడ నుంచి వచ్చి పది రోజులైనా గుమ్మం దాటలేదు. తమ్ముడు పట్టుబట్టి బయల్దేరదీశాడు.

అద్దాల బీరువాల మ్యూజియం అనుకోకు. చాలావరకు ఆరుబయటే. పచ్చిక, చెట్ల నీడ, మధ్యలో పట్టాలు, వాటి మీద ఆవిరి ఇంజన్లు. 1971లో దీనికి శంకుస్థాపన చేసింది అప్పటి రాష్ట్రపతి, మన వి.వి.గిరి గారు. ఒకప్పుడు బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికుల సంఘానికి నాయకత్వం వహించిన మనిషి ఆయన. మన వాల్తేరు దాకా వచ్చిన రైల్వే అది. ఆ రైల్వేదే గారట్ ఇంజన్ ఒకటి ఇక్కడుంది. మధ్యలో బాయిలరు, ముందొకటి వెనకొకటి రెండు ఇంజన్లు, మొత్తం 24 చక్రాలు. తమ్ముడు రెండుసార్లు లెక్కపెట్టాడు. 1907లో మొదలైన పాటియాలా మోనోరైలు కూడా చూశాం. ఒకే పట్టా మీద బరువు, పక్కకు ఒరిగిపోకుండా రోడ్డు మీద దొర్లే పెద్ద ఇనప చక్రం. నాకు మాత్రం వాటికన్నా తాతయ్యే ఎక్కువ గుర్తుండిపోయారు.

ఒక ఇంజను దగ్గర ఆయన ఆగిపోయారు. కమ్మీ పట్టుకుని మెట్టెక్కి లోపలికి చూస్తూ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత గాజు గొట్టం ఒకటి చూపించి, "ఇందులో నీళ్లు కనపడకపోతే గుండె ఆగినంత పనయ్యేదిరా" అన్నారు తమ్ముడితో. బాయిలర్లో నీటి మట్టం చూపించేది అదేనట. నీళ్లు తగ్గి, బొగ్గు మండే ఫైర్‌బాక్స్ పైకప్పు బయటపడితే ఎర్రగా కాలిపోతుంది, బాయిలరు పేలిపోవచ్చు కూడా. అందుకని అక్కడ సీసం బిరడా పెడతారు. వేడి మితిమీరితే అది కరిగి, ఆవిరి కిందికి చిమ్మి ప్రమాదం జరగబోతోందని చెప్పేస్తుంది. తన సర్వీసులో అది ఒక్కసారి కూడా కరగలేదని చెప్తున్నప్పుడు ఆయన గొంతు ఎంత నిండుగా ఉందో!

మా చిన్నప్పుడు ఆయన బెజవాడ లోకో షెడ్డులో ఫైర్‌మన్, ఆవిరి ఇంజన్లో బొగ్గు వేసే పని. డ్యూటీ నుంచి వస్తే అమ్మమ్మ ఆ బట్టలు విడిగా సోడాలో నానబెట్టేది. ఆయన ముంజేతి మీద చుక్కచుక్కలుగా మచ్చలుండేవి. అవి ఆటలమ్మ మచ్చలనే ఇన్నేళ్లూ అనుకున్నాను. నిన్ను ఎత్తుకుని ఆడించిన చేతులే అవి. ఫైర్‌బాక్స్ తలుపు తెరిచినప్పుడల్లా ఎగిసిన నిప్పురవ్వలవని ఆదివారం తమ్ముడు అడిగితే చెప్పారు. నేనెప్పుడూ అడగలేదమ్మా. ఆ మాట విన్నప్పటి నుంచి మనసు మనసులో లేదు.

టాయ్ ట్రైన్ ఎక్కాం. నెహ్రూ పార్కులో చెట్టు కింద పులిహోర తిన్నాం. అక్కడ కూడా ఆయన ఆపలేదు. బొగ్గు ఒక్కచోట కుమ్మరించకూడదట. వెనక మూలల్లో మందంగా, మధ్యలో పలచగా చల్లాలి. పొగగొట్టంలోంచి నల్లపొగ వచ్చిందంటే బొగ్గు సరిగ్గా కాలడం లేదని అర్థం, డ్రైవర్ చేత చీవాట్లు తప్పవు. విస్తరాకు మీద చేత్తో పార విసిరినట్టు చేసి చూపించారు. డెబ్బై దాటిన మనిషి, ఆ మణికట్టు తిరిగిన తీరు నువ్వు చూడాల్సింది.

రాత్రి తమ్ముడి నోట్‌బుక్‌లో ఫైర్‌బాక్స్ బొమ్మ గీశారు. మొదటి పార ఎక్కడ, రెండోది ఎక్కడ పడాలో అంకెలు వేశారు. ఆ కాగితం దీంతోపాటే పెడుతున్నాను. ఆరో అంకె దగ్గర ఆపేశారు. మిగతావి దసరాకి నువ్వొచ్చాక నీ ముందే వేస్తారట. కాగితం మడత నలగకుండా తీసుకురా.

మీ అమ్మ