ఛాంబర్ ట్రైనింగ్ గురించి పిన్నికి, తమ్ముడికి

అందరికీ నమస్కారం. తమ్ముడికి ఛాంబర్ ట్రైనింగ్ (విమానంలో ఎత్తుకెళ్లినప్పుడు ఆక్సిజన్ తగ్గితే ఎలా ఉంటుందో నేల మీదే ఒక గదిలో చూపించే శిక్షణ) పడిందని పాలకొల్లు పిన్ని టెన్షన్ పడుతోందట. రోజూ నేను చేయించే పనే కాబట్టి చెబుతున్నా. ఛాంబర్ నేల మీదే ఉంటుంది పిన్నీ, లోపలి గాలి తోడేస్తామంతే. మన కోనసీమలో మేడెక్కితేనే ఎత్తు కదా, అక్కడ 25,000 అడుగులు! అంత ఎత్తులో ఉండే తక్కువ గాలి ఒత్తిడిలో ఆక్సిజన్ మాస్క్ తీయించి తీసివేత లెక్కలు చేయిస్తాం. 3 నుంచి 5 నిమిషాల్లోపే లెక్కలు తప్పుతాయి, గోళ్లు నీలమవుతాయి, మనిషి మాత్రం నవ్వుతూ బానే ఉన్నానంటాడు. ఆక్సిజన్ తగ్గితే ఎవరి లక్షణాలు వాళ్లు గుర్తుపట్టాలనే ఇదంతా. లోపల మా మనిషి పక్కనే ఉంటాడు, మాస్క్ పెట్టగానే తేరుకుంటారు.

ఒరేయ్ తమ్ముడూ, జలుబుంటే దాచకు. ఛాంబర్లో ఎత్తు పెంచేటప్పుడు కాదు, తగ్గించేటప్పుడు చెవులు పట్టేసి చుక్కలు కనిపిస్తాయి. ముందురోజు బొబ్బర్ల వడలు, శనగ గుగ్గిళ్లు మానెయ్; పైన కడుపులో గ్యాస్ రెట్టింపుకు మించి ఉబ్బుతుంది. గడ్డం నున్నగా గీసుకో, లేకపోతే మాస్క్ సరిగ్గా అతకదు. పిన్నీ, రాత్రి ఫోన్ చేస్తా.